మస్కట్ కత్తి

శంషాబాద్ పాత రోడ్డు మీద గోవర్ధన్ చారి దుకాణంలో కొన్న కత్తికి జన్మలో సాన పట్టే పని లేదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెలియదన్నవాళ్లను గోవర్ధన్ బల్ల మీద కూర్చోబెట్టి, పక్కన బుచ్చయ్య హోటల్ నుంచి చాయ్ తెప్పించి, తెలిసేదాకా చెప్పేవాడు. అందుకని చాలామంది ముందుగానే తెలుసనేవారు.

పనితనం అబద్ధం కాదు. పాత లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, నూనెలో ముంచి పదును పెట్టి వంటింటి కత్తులు చేసేవాడు. పిడులకు విరిగిన మంచం కోళ్లు, కూలగొట్టిన ఇళ్ల దర్వాజలు వాడేవాడు. కొత్త ఇనుము ముట్టేవాడు కాదు. ఏళ్ల తరబడి బరువు మోసిన ఇనుముకు బుద్ధి వస్తుందని, కార్ఖానా నుంచి నేరుగా వచ్చిన ఇనుము పెళ్లికాని మగపిల్లవాడిలాంటిదని అతని సిద్ధాంతం. ఈ సిద్ధాంతం మొదలైనప్పుడల్లా భార్య సంతోషి లోపలికి వెళ్లి గిన్నెలు గట్టిగా సర్దేది.

చేసిన ప్రతి కత్తి మీదా పిడి దగ్గర 'గో' అని చిన్న ముద్ర కొట్టేవాడు. అది లేని కత్తులు కూడా కొన్ని చేసేవాడు. వాటి సంగతి తర్వాత.

ఆ రోడ్డు విమానాశ్రయం వైపు పోతుంది. విదేశంలో ఉన్న స్నేహితుడికి ఏమీ తీసుకుపోవడం లేదని సగం దారిలో గుర్తొచ్చినవాళ్లు అతని దుకాణం ముందు కారాపి, ఇంజను ఆపకుండానే కత్తి కొనేవారు. "యాడికి పోతున్నరు సార్?" అని అడగనిదే గోవర్ధన్ పొట్లం కట్టేవాడు కాదు. దోహా అంటే దోహాలో, డల్లాస్ అంటే డల్లాస్‌లో గోడ మీది ప్రపంచపటంలో ఒక మేకు కొట్టేవాడు. మారిషస్ ఎక్కడుందో దొరక్క అందాజుగా సముద్రంలో కొట్టాడు. దుకాణం బోర్డు మీద 'దేశదేశాల వంటిళ్లలో గోవర్ధన్ కత్తులు' అని రాయించాడు. పెయింటర్‌కు స్థలం సరిపోక 'కత్తులు' చిన్న అక్షరాల్లో పడింది. దూరం నుంచి చూస్తే దేశదేశాల వంటిళ్లలో గోవర్ధనే ఉన్నట్టుండేది. అతనికి అదీ నచ్చింది.

ఇన్ని దేశాలకూ సాక్ష్యం మాత్రం ఒక్కటే. అది చెల్లెలు సరిత. ఆమె భర్త శివ మస్కట్‌లో ఏసీ మెకానిక్. నాలుగేళ్ల కింద ఆమె మొదటిసారి అక్కడికి బయలుదేరినప్పుడు గోవర్ధన్ ఒక కత్తి చేశాడు. తల్లి పడుకున్న మంచం విరిగితే దాచిన కోడును పిడి చేసి, మూడు ఇత్తడి మేకులు బిగించాడు. మూడో మేకు వంకర పోయింది. కొలిమి పొగకు కళ్లు కనబడలేదన్నాడు. ఆ రోజు కొలిమి రాజెయ్యనేలేదని సంతోషికి తెలుసు. కత్తి చేతి నుంచి చేతికి ఇస్తే తగాదాలొస్తాయని పీట మీద పెట్టాడు, సరిత వంగి తీసుకుని కళ్లకద్దుకుంది.

అప్పటి నుంచి శుక్రవారం మధ్యాహ్నం సరిత ఫోన్ చేస్తుంది. ఆ వేళకు గోవర్ధన్ దుకాణంలో ఉన్నవాళ్లను పోనివ్వడు, స్పీకర్ పెడతాడు. ఆమె "హలో" అనే లోపే "కత్తి ఎట్లున్నదే?" అంటాడు.

"నీ కత్తి అంటే కత్తే అన్నా. టమాటా మీద పెడితే చాలు, దానంతట అదే దిగుతది. పక్కింటి మలయాళీ ఆమె రోజూ అడిగి తీస్కపోతది."

"సాన పట్టినవా?"

"సానెందుకన్నా? తెచ్చినప్పుడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది."

గోవర్ధన్ జనం వైపు చూసేవాడు. బుచ్చయ్య తల ఊపేవాడు. ఆ రోడ్డు మీద అందరూ దాన్ని మస్కట్ కత్తి అనేవారు. నిజం చెప్పాలంటే గోవర్ధన్ బతుకులో ఆ ఫోన్ ఒక్కటే గట్టి సంగతి. కొనేవాళ్లు పొగుడుతారు, కానీ వాళ్లు ఇంకా వాడి ఉండరు. వాడినవాళ్లు మళ్లీ అటు రారు. కత్తితో నిజంగా వంట చేసి, ఎలా ఉందో చెప్పే మనిషి అతనికి ప్రపంచం మొత్తం మీద సరిత ఒక్కతే.

ఒక రోజు తుక్కుగూడలో పాత సామాన్ల వ్యాపారం చేసే ఆకిఫ్ ట్రాలీ ఆటోలో ఒక గోనెసంచి తెచ్చాడు. విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ప్రయాణికులు ఏళ్ల తరబడి వదిలేసిన సామాను చేతులు మారి మారి అతని దాకా వచ్చిందట.

"స్టీల్ మస్తుగుంది అన్నా, జర చూడు," అని నేల మీద కుమ్మరించాడు.

కత్తెరలు, స్క్రూడ్రైవర్లు, గోళ్లు తీసుకునేవి, ఎవరో పెళ్లికని కొన్న కేకు కత్తి. వాటి మధ్య నుంచి గోవర్ధన్ ఒక వంటింటి కత్తి తీసి వెలుతురుకు పట్టాడు. వెన్ను నిటారుగా ఉంది, పిడి చేతిలో చక్కగా కుదిరింది.

"ఎవడోగాని పనోడే," అన్నాడు. ఇతరుల పనిని అతను మెచ్చుకోవడం ఆకిఫ్ వినడం అదే మొదటిసారి. తిప్పి చూస్తే పిడి దగ్గర 'గో' ఉంది.

రెండోది తీశాడు. గో. మూడోది కూడా గో. దోహా, డల్లాస్, మెల్‌బోర్న్ అన్నీ ఆ కుప్పలోనే ఉన్నాయి. మారిషస్ కత్తికి కట్టిన పొట్లం కూడా విప్పలేదు. ఇంజను ఆపకుండా కత్తి కొన్నవాళ్లు దాన్ని చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కబోయారు. కత్తితో విమానం ఎక్కనివ్వరన్న సంగతి కొన్నవాళ్లకు గుర్తు రాలేదు. ఇన్నేళ్లు విమానాశ్రయం పక్కన కత్తులమ్మిన గోవర్ధన్‌కూ గుర్తు రాలేదు. అతని బుర్ర కత్తిని చెయ్యడం దగ్గర మొదలై పొగడ్త దగ్గర ఆగిపోయేది. మధ్యలో ఇంకేముందో ఎన్నడూ చూడలేదు.

అప్పటికీ నవ్వాడు. పరాయివాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు, పోనీలే అనుకున్నాడు. కుప్ప అడుగున నల్లటి కోడు పిడి ఒకటి కనిపించింది. మూడు ఇత్తడి మేకులున్నాయి. మూడోది వంకర.

"ఏమైందన్నా, మొహం గట్ల పెట్టినవ్?" అన్నాడు ఆకిఫ్.

"ఏం కాలే. స్టీల్ మంచిదే."

సంతోషి ఆ కత్తిని తిప్పి తిప్పి చూసింది. తర్వాత లెక్క తీసింది. "అప్పుడు శివ చెప్పలే? పెట్టె బరువెక్కువైందని కౌంటర్ కాడ విప్పి సర్దుకున్నమని? మామిడికాయ తొక్కు సీసా ఇడవబుద్ధిగాక కత్తిని చేతిసంచిల ఏసుకున్నట్టుంది."

"అంటే నీ తొక్కు మస్కట్ పోయింది. నా కత్తి శంషాబాద్ దాటలే."

"తొక్కుతోని ఎవలను పొడుస్తరు?"

గోవర్ధన్‌కు నవ్వు రాలేదు. "నాలుగేండ్లసంది అబద్ధం చెప్పుకుంట వచ్చింది నా చెల్లె. ప్రతి శుక్రవారం. మలయాళీ ఆమెను గూడ తెచ్చింది నడుమల."

"నువ్వు నిజం చెప్పనిచ్చినవా? పిల్ల హలో అనకముందే కత్తి ఎట్లున్నదే అంటవ్. స్పీకర్ పెట్టి ఊరందరిని కూసోబెడ్తవ్. గంత మంది ముంగట 'పోగొట్టుకున్న అన్నా' అని ఎట్లంటది?" అని కత్తిని కడిగి, ఉల్లిగడ్డ కోసుకోవడం మొదలుపెట్టింది. అది బాగానే తెగుతోంది. అది చూసి గోవర్ధన్‌కు ఇంకా బాధేసింది.

శుక్రవారం ఫోన్ వచ్చింది. అలవాటు కొద్దీ స్పీకర్ పెట్టాడు, అలవాటు కొద్దీ అడిగాడు. "ఇప్పుడే సొరకాయ కోసిన అన్నా, వెన్న లెక్క తెగింది," అంది సరిత. లోపల సంతోషి అదే కత్తితో వంకాయలు తరుగుతున్న చప్పుడు అతనికి వినబడుతోంది.

"వచ్చే నెల మీ ఆడబిడ్డ పెండ్లికి వస్తున్నవ్ గద," అన్నాడు. "కత్తి తీస్కరా. ఒకసారి చూస్త."

"గిప్పుడు దాన్ని చూసేదేముందన్నా?"

"నా కత్తి నేను చూసుకోవద్దా?"

"తెస్త," అంది సరిత చిన్నగా. ఫోన్ పెట్టేశాక బుచ్చయ్య లేచి, మస్కట్ కత్తి వస్తోందని రోడ్డంతా చాటాడు. గోవర్ధన్‌కు మాత్రం చెల్లెల్ని మూలకు తోసినట్టనిపించింది. తోసింది తనే కాబట్టి ఎవరి మీదా కోప్పడలేకపోయాడు.

పది రోజులకు అనుపమ వచ్చింది. ఆమెది విజయవాడ. పాత సామాన్లతో చేసిన వంటింటి వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ముద్ర లేని కత్తులు గోవర్ధన్ ఈమె కోసమే చేసేవాడు. ఆమె వాటిని మూడింతల ధరకు అమ్మేది. వెబ్‌సైట్‌లో కత్తి పక్కన సుత్తి పట్టుకుని నిలబడ్డ మనిషికి ఎర్రగడ్డం, చేతి నిండా పచ్చబొట్లు ఉంటాయి. గోవర్ధన్ ఫొటో పెడితే కస్టమర్లకు నమ్మకం కుదరదని ఆమె చాలా మర్యాదగా చెప్పింది.

"గోవర్ధన్ గారూ, ఒక వింత ఆర్డరు వచ్చిందండి. మంచం కోడు పిడి కావాలట. మూడు ఇత్తడి మేకులు, మూడోది వంకరగా ఉండాలట. అన్నిటికన్నా ముఖ్యం, కత్తి కొత్తగా కనిపించకూడదట. నాలుగేళ్లు రోజూ వాడినట్టు ఉండాలట. చూశారా, మన కస్టమర్ల అభిరుచి ఎంత ఎదిగిందో! లోపంలో అందాన్ని చూస్తున్నారు."

గోవర్ధన్ పట్టకారు కింద పెట్టాడు. "యాడికి పంపాలె మేడం?"

"అత్తాపూర్ అండి," అని ఆమె చెప్పిన ఇల్లు శివ తల్లిదండ్రులది. "ఇంకో చిక్కు కూడా ఉంది. దాని మీద 'గో' అనే అక్షరం కొట్టమంటున్నారు. ఎవరో లోకల్ వాళ్ల ముద్రేమోనని నా భయం. రేపు కాపీ కొట్టారని వాళ్లు గొడవకు రారు కదా?"

"రారు మేడం. ఆయనను నేనెరుగుదు. మంచోడే."

ఆమె వెళ్లాక గోవర్ధన్ చాలాసేపు కొలిమి ముందు ఊరికే కూర్చున్నాడు. కోపం వచ్చింది. చెల్లెలు తనను మోసం చెయ్యడానికి తనకే ఆర్డరిచ్చింది, అదీ ఎర్రగడ్డం వాడనుకుని. ఆ తర్వాత అర్థమైంది. పాపం, పిల్ల మస్కట్‌లో ఫోన్ పట్టుకుని అన్న కత్తిలాంటి కత్తి కోసం ఎన్ని చోట్ల వెతికిందో. వంకర మేకు కూడా మరిచిపోలేదు. దాన్ని పోగొట్టుకున్న రోజు ఎంత ఏడ్చి ఉంటుందో తలుచుకుంటే అతని కళ్లు మండాయి. ఈసారి కొలిమి రాజుకునే ఉంది గనుక పొగ అనుకోవడానికి వీలు దొరికింది.

తల్లి మంచానికి ఇంకో కోడు మిగిలి ఉంది. దాన్నే తీశాడు. అతని జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. కత్తి చెయ్యడం సులువే, కానీ నాలుగేళ్ల కాపురాన్ని దాని మీదికి ఎక్కించడం కష్టం. చింతపండు పులుసులో నానబెట్టి అలుగు మీద మచ్చలు తెప్పించాడు. పిడికి పసుపూ నూనే పట్టించి, కడిగి, మళ్లీ పట్టించాడు. సరితది ఎడమచేతి వాటం. ఆర్డరులో ఆ మాట రాయడం ఆమె మరిచిపోయింది. అతను మరవకుండా పిడిని ఎడమ బొటనవేలు ఆనేచోట అరగదీశాడు. చివరికి అంచు దగ్గరికొచ్చాడు. నాలుగేళ్లు రోజూ వాడిన కత్తికి ధార ఉంటుందా? ఉండదు. దుకాణంలో ఈ సంగతి అతని నోరు ఎన్నడూ ఒప్పుకోలేదు, కానీ చేతికి తెలుసు. ఇటుకరాయి తీసుకుని అంచును మొద్దుబారేదాకా రుద్దాడు.

పూర్తయ్యాక సంతోషికి చూపించాడు. ఆమె రెండు కత్తులనూ పక్కపక్కన పెట్టి, "ఏది అసలుదో నాకే సమజైతలేదు," అంది. ఆ పొగడ్తకు అతను రెండు రోజులు పొంగిపోయాడు. దొంగపనికి మెచ్చుకున్నారన్న సంగతి మూడో రోజు తట్టింది.

ఆడబిడ్డ పెళ్లయిన మర్నాడు సరిత, శివ శంషాబాద్ వచ్చారు. అసలు కత్తిని సంతోషి బియ్యం డబ్బాలో దాచింది. దుకాణం ముందు బుచ్చయ్య హోటల్ జనమంతా ఉన్నారు. సరిత సంచిలోంచి పాత టవల్ తీసి, విప్పి, కత్తిని పీట మీద పెట్టింది. గోవర్ధన్ తీసి, కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. పులుసు మచ్చ ఒకటి మరీ ఎక్కువైందనుకున్నాడు.

"మంచిగనే చూసుకున్నవ్ బిడ్డా," అన్నాడు.

ఆమె మొహంలోని భయం పోయింది. అంత సంతోషంలో మనిషి ఊరుకోదు కదా. జనం వైపు తిరిగి, గొంతు పెంచి, "నాలుగేండ్లు! ఒక్కసారి సాన పట్టలే. పట్టి చూడుండ్రి, ధార గట్లనే ఉన్నది!" అంది.

"ఏదీ, హోటల్‌కెళ్లి ఒక టమాటా తెస్త," అని బుచ్చయ్య లేచాడు.

"వద్దు!" అన్నారు అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి.

బుచ్చయ్య లేచినవాడు లేచినట్టే నిలబడ్డాడు. "ఆడపిల్ల ఇంటికొస్తే టమాటాలు కోస్తరా?" అని గోవర్ధన్ గదమాయించాడు. కత్తి ఎందుకు తెగదో ఇద్దరికీ తెలుసు. తనకొక్కదానికే తెలుసని సరిత అనుకుంటోందని కూడా అతనికి తెలుసు. ఇప్పుడు సాన పడితే చెల్లెలు ఇంతమందిలో అబద్ధాలకోరవుతుంది. తన కత్తికి సాన అక్కర్లేదన్న మాటా పోతుంది. ఎదురుగా పది అడుగుల దూరంలో సానరాయి ఉన్నా, మొద్దు కత్తిని అలాగే టవల్‌లో చుట్టాడు.

తిరుగు ప్రయాణం రోజు పెట్టె అతనే సర్దాడు. తొక్కు సీసా బయటికి తీసి, బట్టల మధ్య కత్తిని పెట్టాడు. సంతోషి తొక్కు మళ్లీ లోపల పెట్టింది. అతను మళ్లీ తీశాడు.

"ఈపారి తొక్కు ఉంటది, కత్తి పోతది," అన్నాడు. శివను పిలిచి, "శివా, బరువెక్కువైతే నీ అంగీలు తీసి పారెయ్. ఈ కత్తిని మాత్రం చేతిసంచిలకు రానియ్యకు," అన్నాడు.

సరిత చటుక్కున తలెత్తి అన్న వైపు చూసింది. గోవర్ధన్ జిప్పు ఇరుక్కున్నట్టు దానితో కుస్తీ పట్టాడు. వెళ్లేటప్పుడు అతని చెయ్యి చాలాసేపు పట్టుకుంది.

ఆ శుక్రవారం దుకాణం నిండా జనం. రావిర్యాల నుంచి పెళ్లి వంటలవాళ్లు ఒకేసారి చాలా కత్తులు కొనడానికి వచ్చి కూర్చున్నారు. ఫోన్ మోగింది. బుచ్చయ్యే మీట నొక్కి స్పీకర్ పెట్టాడు. గోవర్ధన్ ఎండ సంగతి అడిగాడు, శివ డ్యూటీ సంగతి అడిగాడు, మళ్లీ ఎండ సంగతి అడిగాడు.

"అన్నా," అంది సరిత, "కత్తి సంగతి అడుగుతలేవేంది?"

"చెప్పు."

"తెగుతలేదన్నా."

బుచ్చయ్య తన చాయ్ గ్లాసులోకి చూసుకున్నాడు. వంటలవాళ్ల పెద్ద తన చేతిలో ఉన్న కత్తిని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. గోవర్ధన్ చెయ్యి స్పీకర్ మీట దాకా వెళ్లింది. మొదట సిగ్గేసింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఆ రెంటి కిందినుంచి ఆశ్చర్యంగా సంతోషం పైకి వచ్చింది. నాలుగేళ్లలో తన పని గురించి తనకు అందిన మొదటి నిజం మాట అది. దాన్ని ఆపబుద్ధి కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తెగదు బిడ్డా. దాన్ని ఇటుక మీద రుద్దింది నేనే."

"నువ్వా?"

"అత్తాపూర్ ఆర్డర్ నాకే వచ్చింది."

అటువైపు నుంచి వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. చాలాసేపటికి, "మరి మొదటిది..." అంది.

"మీ వదిన కాడున్నది. పదిలంగ ఉన్నది. ఇగ ఏడ్వకు. ఇంట్ల పింగాణి కప్పున్నదా? బోర్లించు. దాని అడుగు గరుకుగ ఉంటది సూడు, దాని మీద కత్తిని జర వాల్చి రుద్దు. ఒకదిక్కే."

"సాన వద్దంటవ్ గదన్నా నువ్వు?"

"గది అమ్ముకునేటందుకు చెప్పే మాట," అన్నాడు గోవర్ధన్, వంటలవాళ్ల కళ్లలోకి చూస్తూ. "ఏ కత్తికైనా సాన పట్టాల్సిందే. నా కత్తికైనా సరే. రుద్దు."

మస్కట్ వంటింట్లో ఇనుము గరగరలాడింది. "గంత లేపకు, ఇంకా వాల్చు," అన్నాడు చప్పుడును బట్టి. బుచ్చయ్య కూడా ముందుకు వంగి విన్నాడు. కాసేపటికి చప్పుడు ఆగింది. టమాటా కోస్తోంది కాబోలు.

"తెగిందా?"

"సగం తెగిందన్నా. సగం నలిగింది."

"నిజంగనే?"

"నిజంగనే. ఇంకా జర రుద్దాలె."

"రుద్దు మరి," అని గోవర్ధన్ స్టూలు ఫోన్ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.